డబ్బాలు నిండుకున్నాక – పతనానంతర నవలలో శ్రమ స్థానం

పారిశ్రామిక సమాజం కూలిపోయిన తర్వాత మనిషి బతుకు ఎలా ఉంటుందన్న ఊహ ఇంగ్లీషు సాహిత్యానికి కొత్తది కాదు. లండన్ మహానగరం పాడుబడి మురికిమడుగుగా మారిపోయినట్టు రిచర్డ్ జెఫరీస్ 1885లోనే నవల రాశాడు. సమస్తమూ యంత్రమే అమర్చిపెట్టే మనుషుల్నీ, ఆ యంత్రం ఆగిపోయిన రోజునీ ఇ. ఎం. ఫార్‌స్టర్ 1909లో కథ చేశాడు. 1972లో 'ది లిమిట్స్ టు గ్రోత్' అన్న అధ్యయనం వెలువడింది. జనాభా, ఉత్పత్తి, కాలుష్యం, వనరుల వాడకం ఇదే తీరున పెరుగుతూ పోతే నూరేళ్ళలోపు హద్దులకు తగిలి పడిపోక తప్పదని అది లెక్కలు కట్టి చెప్పింది. అంతవరకూ కల్పన అనుకున్నది చర్చలోకి వచ్చింది. ఇవాళ ఎండలూ వానలూ దారితప్పిన కాలంలో ఇటువంటి నవలలు గుట్టలుగా వస్తున్నాయి.

వాటిలో చాలావాటి మీద కాగితం ఖర్చు పెట్టనక్కర్లేదు. ఒక నేలమాళిగ, ఒక తుపాకి, డబ్బాల్లో దాచిన తిండి, గోడకవతల ఆకలిగొన్న గుంపు – ఇంతే వాటి వస్తువు. ఆస్తి ఉన్నవాడి భయం అక్కడ మానవజాతి భయంగా వేషం కట్టుకు వస్తుంది. గోడకవతలి గుంపులో ఎవరున్నారో, వాళ్ళకేం పని తెలుసో రచయిత అడగడు. అడిగితే కథ నడవదు.

"పరిశ్రమలే సరిగా రానిచోట వాటి పతనం గురించి బెంగేమిటి?" అని ఒక రచయిత మిత్రుడు నన్ను ఎగతాళి చేశాడు. ఆయన పట్నంలో ఉంటాడు. నేను పాఠాలు చెప్పే ఊళ్ళో రైతులు ఎద్దులనమ్ముకుని ఇరవై ఏళ్ళు దాటింది. దుక్కికి ట్రాక్టరు, తడికి బోరు మోటారు, బలానికి యూరియా, విత్తనానికి కంపెనీ పొట్లం. డీజిలు, కరెంటు ఒక్క కారు రాకపోతే ఈ ఊరికి పట్నంకన్నా ముందే ఊపిరి ఆగుతుంది. పోతే, లోకం ముగిసిపోవడమన్నది మన సంప్రదాయంలో ప్రళయం, అంటే దేవుడి పని. దానికి మనిషి చేసుకోవలసిన ఏర్పాటు పుణ్యమే తప్ప పనితనం కాదు. కనుక ఈ ప్రశ్నను పనివైపు నుంచి పరిశీలించడానికి రెండు అమెరికన్ నవలలను ఎంచుకున్నాను. ఒకటి జార్జ్ ఆర్. స్టువర్ట్ 1949లో రాసిన 'ఎర్త్ అబైడ్స్', రెండవది ఆక్టేవియా బట్లర్ 1993లో రాసిన 'పేరబుల్ ఆఫ్ ది సోవర్'.

స్టువర్ట్ బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ప్రొఫెసరు. ఆయన కథానాయకుడు ఇష్ కూడా అక్కడి విద్యార్థే. పరిశోధన కోసం కొండల్లో ఒంటరిగా ఉండగా పాము కరుస్తుంది. కోలుకుని కిందికి వచ్చేసరికి ఏదో మహమ్మారి అమెరికా జనాన్ని దాదాపు తుడిచిపెట్టేసింది. ఇళ్ళున్నాయి, కార్లున్నాయి, అంగళ్ళనిండా డబ్బాల్లో తిండి ఉంది. మనుషులే లేరు. ఇష్ ఒక కారెక్కి దేశమంతా చూసి వస్తాడు. తర్వాత ఎమ్ అనే స్త్రీని కలుసుకుంటాడు. ఆమెలో నల్లజాతి రక్తముంది. 1949లో ఒక తెల్ల రచయిత కొత్త సమాజానికి అటువంటి తల్లిని నిలబెట్టడం చిన్న సాహసం కాదు. వాళ్ళ చుట్టూ కొద్దిమంది చేరి ఒక తెగ ఏర్పడుతుంది.

నవలకు ప్రాణమనదగ్గ ఘట్టం ఇష్ ప్రయాణంలో ఉంది. చాలామంది పాఠకులు దాన్ని గమనించకుండానే దాటిపోతారు. దక్షిణాదిన ఆర్కన్సాలో అతనికి ఒక చిన్న నల్లజాతి కుటుంబం కనిపిస్తుంది. వాళ్ళు దేన్నీ వెతుక్కుంటూ తిరగడం లేదు. కోళ్ళు పెంచుతున్నారు, కూరలు, మొక్కజొన్న పండిస్తున్నారు, అలవాటు చొప్పున కొంచెం పత్తి కూడా వేశారు. కొనేవాడు లేని ఆ పత్తి చేనును చూసి నేను చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. ఇష్‌కు అక్కడ రెండు ఆలోచనలు వస్తాయి. మొదటిది: తానిక్కడే ఉండిపోతే పాత అలవాటు కొద్దీ వీళ్ళు తనకు లోబడతారు, పనంతా వాళ్ళే చేస్తారు, తానొక చిన్నపాటి రాజుగా బతకవచ్చు. రెండవది: తాను చచ్చిన నాగరికత మీద ఏరుకు తింటున్నాడు, వీళ్ళు మాత్రం సొంతంగా పండించుకుంటున్నారు, కనుక ఈ సమస్యను వీళ్ళే తనకంటే మేలుగా పరిష్కరించుకున్నారు.

రెండూ నిజాలే. రెండింటినీ ఒకే మనిషి బుర్రలో పక్కపక్కన పెట్టినందుకు స్టువర్ట్ నిజాయితీని మెచ్చుకోవాలి. అయితే మూడవ ఆలోచన ఒకటి రావాలి. 'వీళ్ళ దగ్గర నాలుగు నెలలుండి పని నేర్చుకుంటాను' అన్నది అది. ఇష్‌కు ఆ ఆలోచన రాదు. రాజుగానైనా ఉండగలడు, బాటసారిగానైనా పోగలడు, శిష్యుడిగా ఉండలేడు. కారెక్కి వెళ్ళిపోతాడు. రచయిత కూడా అదే కారులో వెళ్ళిపోతాడు. ఆ తర్వాత నవలలో వచ్చే ప్రతి అపజయానికీ మూలం ఈ వెళ్ళిపోవడంలోనే ఉందని నా అభిప్రాయం.

ఎందుకంటే, ఇరవై ఏళ్ళ తర్వాత ఒకరోజు ఆ తెగ వాళ్ళ కొళాయిల్లో నీళ్ళు ఆగిపోతాయి. అన్నేళ్ళూ పాత జలాశయాల నుంచి పాత గొట్టాల్లో నీళ్ళు వస్తుంటే వాళ్ళు వాడుకున్నారు తప్ప, ఆ నీళ్ళు ఎలా వస్తున్నాయో చూసినవాడు లేడు. తిండి విషయమూ అంతే. డబ్బాలు తెరుచుకోవడం, ఊరిమీద తిరిగే పశువుల్ని వేటాడడం. ఇష్‌కు దిగులు పట్టుకుంటుంది. ఆ దిగులుకు అతని పరిష్కారం బడి. పిల్లల్ని కూర్చోబెట్టి చదువు చెబుతాడు. వాళ్ళకు ఎక్కదు. ఒక్క జోయీకి మాత్రం అక్షరం పట్టుబడుతుంది. బర్కిలీ గ్రంథాలయంలోని లక్షల పుస్తకాలకు వారసుడు దొరికాడని తండ్రి పొంగిపోతాడు. ఆ జోయీ విషజ్వరంలో చనిపోతాడు. ఇష్ బడి మూసేస్తాడు. తర్వాత ఏ ఆశా పెట్టుకోకుండా, ఆటవస్తువన్నట్టు ఒక విల్లు చెక్కి పిల్లల చేతికిస్తాడు. దాన్ని వాళ్ళు ప్రాణంగా పట్టుకుంటారు. అతను ముసలివాడయ్యేనాటికి మునిమనవలు పాత నాణేలను సాగగొట్టి బాణం ములుకులు చేసుకుంటుంటారు.

ఈ భాగాన్ని విమర్శకులు సాధారణంగా చదువు ఓటమిగా, ఆదిమ జీవితపు గెలుపుగా వ్యాఖ్యానిస్తారు. ఇరవై ఏళ్ళుగా సుద్దముక్క పట్టుకున్నవాడిగా నేను ఒప్పుకోను. ఓడింది చదువు కాదు, ఇష్ పాఠప్రణాళిక. నీళ్ళు రాని ఊళ్ళో నీళ్ళ గురించి చెప్పని బడి అది. గొట్టం ఎక్కడ పగిలిందో పిల్లల్ని వెంటబెట్టుకుని వెతికి, బావి తవ్వి, ఆ తవ్వకంలో కొలతలూ లెక్కలూ అక్షరాలూ కలిపి చెబితే ఎంతమంది జోయీలు బయటపడేవారో! కాని బావి తవ్వడం ఇష్‌కే రాదు. రానివాడు ఏం చెప్పగలడు? తెలిసినవాళ్ళను ఆర్కన్సాలో వదిలేసి వచ్చాడు.

బట్లర్ నవల సరిగ్గా ఇక్కడ అందుకుంటుంది. ఆమె నల్లజాతి స్త్రీ. ఆమె కథానాయిక లారెన్ కూడా నల్లజాతి పిల్లే. నవల 2024 జూలైలో మొదలవుతుంది. మనకు గడిచిపోయిన నెలే. ఇక్కడ మహమ్మారి లేదు, ఒక్క రోజున కూలిపోవడమూ లేదు. నీళ్ళ ధర పెరుగుతుంది, ఉద్యోగాలు పోతాయి, పోలీసును పిలిస్తే డబ్బడుగుతాడు. లాస్ ఏంజెలెస్ దగ్గర గోడ కట్టుకుని బతికే ఒక వాడలో లారెన్ తండ్రి మతబోధకుడు, అధ్యాపకుడు కూడా. ఈ గోడ ఎన్నాళ్ళో నిలవదని గ్రహించిన ఆ పదిహేనేళ్ళ పిల్ల మొక్కల గురించి, చికిత్స గురించి పుస్తకాలు చదువుతుంది, చేత పట్టుకుని పారిపోవడానికి మూట సిద్ధం చేసుకుంటుంది. స్నేహితురాలికి చెబితే ఆ పిల్ల హడలిపోయి ఇంట్లో చెప్పేస్తుంది. తండ్రి లారెన్‌ను మందలిస్తాడు. కాని ఆయన మందలింపులో ఒక ఉపాధ్యాయ శిక్షణాలయానికి సరిపడే విషయముంది. భయపెడితే జనం కొన్నాళ్ళు భయపడి మరిచిపోతారనీ, అదే విషయాన్ని మామూలు పాఠంలా నేర్పితే నేర్చుకుంటారనీ ఆయన సారాంశం. గోడ కూలి, వాడ తగలబడి, అయినవాళ్ళు పోయాక లారెన్ ఉత్తరదిక్కుకు నడుస్తుంది. దారిలో కలిసినవాళ్ళను చేర్చుకుంటుంది. ఆ నడకలోనే జారా అనే సహచరికి చదవడం, రాయడం నేర్పుతుంది. ఇష్ బడి కుర్చీలో కూర్చుంది, లారెన్ బడి రోడ్డు మీద నడిచింది.

శిల్పంలో స్టువర్ట్ గొప్పవాడు. గడ్డి మొలవడం, చీమలూ ఎలుకలూ పెచ్చుపెరిగి తగ్గిపోవడం ఆయన రాసినట్టు బట్లర్ రాయలేదు. ఆమె కనిపెట్టిన కొత్త మతం నాకు నచ్చలేదు కూడా. దృక్పథంలో మాత్రం ఆమె నలభై నాలుగేళ్ళు కాదు, ఒక యుగం ముందుంది. పతనంతో దోపిడీ ముగియదని ఆమెకు తెలుసు. ఎమరీ అనే తల్లి కథ చూడండి. పెద్ద వ్యవసాయ కంపెనీలో చాకిరి, కంపెనీ దుకాణంలోనే చెల్లే చీటీల జీతం, ఎన్నటికీ తీరని అప్పు, చివరకు అప్పు కింద కన్నకొడుకులనే లాక్కుపోవడం. మన భాషలో దీన్ని వెట్టి అంటాం. ఇష్ మనసులో మెదిలి ఆగిపోయిన 'చిన్న రాజు' బట్లర్ నవలలో రాజ్యమేలుతున్నాడు.

నవలలు సరే, నిజ జీవితంలో ఇలాంటిది జరిగిందా అనే పాఠకుడికి క్యూబా ఉంది. 1991లో సోవియట్ యూనియన్ పోవడంతో ఆ దేశానికి వచ్చే చమురు సగానికి పైగా తగ్గింది. 1992లో అమెరికా ఆంక్షలు మరింత బిగించింది. ట్రాక్టర్లు నిలబడిపోయాయి. ఎద్దుల్ని కాడికి మరపడం మళ్ళీ మొదలైంది. ఆ పని తెలిసిన ముసలి రైతులు కొత్తవాళ్ళకు నేర్పారు. చైనా నుంచి పది లక్షలకు పైగా సైకిళ్ళు వచ్చాయి. హవానా ఖాళీ స్థలాల్లో కూరమళ్ళు లేచాయి. దీన్ని స్వర్గంగా వర్ణించే వ్యాసాలు నేను చదివాను, నమ్మను. 1992–93లో పోషకాహారం చాలక యాభై వేలమందికి పైగా నరాల జబ్బు పాలయ్యారు, చాలామందికి చూపు మందగించింది. ఆ దేశం ఇప్పటికీ తిండిలో ఎక్కువ భాగం దిగుమతి చేసుకుంటూనే ఉంది. 2024 అక్టోబరులో దీవి మొత్తం చీకటైంది. నాకు ముఖ్యమనిపించింది ఒక్కటే: 1991లో ఎద్దును మరపగల ముసలివాళ్ళు ఇంకా బతికి ఉన్నారు, వాళ్ళను గురువులుగా పిలిచే ఏర్పాటు ఒకటి జరిగింది. ఇంకో ఇరవై ఏళ్ళు ఆలస్యమైతే పిలవడానికి మనుషులుండేవారు కారు.

ఇంతవరకూ రాసి, ఇదే కథ మా తొమ్మిదో తరగతికి చెప్పాను. రేపటినుంచి కరెంటు, డీజిలు లేవనుకోండి, మీ ఇంట్లో ఎవరికేం పని వచ్చు అని అడిగాను. మొదట సెల్‌ఫోన్ గురించి గోల చేశారు. తర్వాత ఒక అమ్మాయి లేచి, "మా నాయినకు మగ్గమొస్తది సార్, నాకు రాదు. నేర్పుమంటే కోప్పడ్తడు, సదువుకొమ్మంటడు" అంది. ఆ తండ్రి కోపం నాకు అర్థమవుతుంది. మగ్గం అతనికి తిండి పెట్టలేదు. చేతిపనులు ఒకటొకటే కూలిపోయిన బాధ తెలుగులో 'పల్లె కన్నీరు పెడుతుందో' పాటలో గోరటి వెంకన్న గొంతునుంచి ఊరూరా వినిపించింది. నేను ఆ పాట గురించి చెబుతుండగానే వెనక బెంచీలో ఒక పిల్లవాడు లేచాడు. వాళ్ళ తాత తోలుపని చేసేవాడు. "అట్లయితే మా తాత చేసిన పని మళ్ళ మేమే చెయ్యాల్నా సార్?" అన్నాడు.

తరగతి నిశ్శబ్దమైంది. గ్రామాన్ని స్వర్గమన్నవాళ్ళకు 1948లో రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఇచ్చిన జవాబును నేను ఎమ్మేలో చదివి పరీక్ష కూడా రాశాను. ఆ పిల్లవాడి నోట వినేదాకా అది ఇంత దగ్గరి విషయమని తోచలేదు. అమెరికన్ నవలలో పని తెలియకపోవడమే సమస్య. మన దగ్గర పని తెలుసు, కాని ఆ పనికి కులం అంటుకుని ఉంది. చెప్పు కుట్టడం ఎవరైనా నేర్చుకోవలసిన విద్య అయితే వాడికి అభ్యంతరం లేదు. తనొక్కడికే రావలసిన విద్య కావడం వాడి అభ్యంతరం. పల్లెకు తిరిగిపోదామని రాసే మన కవులు ఈ పిల్లవాడికి ఏ పని అప్పగించదలిచారో కవితలో చెప్పడం లేదు. బంగారు గతానికి కన్నీళ్ళు కార్చే కథకులదీ అదే మౌనం. కమ్మరం, కుమ్మరం, మగ్గం, తోలుపని, మంత్రసానితనం – వీటిని పుట్టుకతో సంబంధం లేకుండా బడిలో ప్రతి పిల్లా, పిల్లవాడూ నేర్చుకునే సమాజాన్ని ఊహించి రాసిన తెలుగు నవల నా చదువులో ఇంకా తగలలేదు. మగ్గం పిల్లకు నేర్పనని తండ్రి భీష్మించుకున్న ఇంట్లో ఆ నవల మొదలుకావచ్చు.

గంట కొట్టాక ఆ పిల్లవాడు వరండాలో నా వెంట వచ్చి, "ఆ నడిచిపోయినోళ్ళ ఊళ్ళె చెప్పులెవరు కుడ్తరు సార్?" అని అడిగాడు. చూసి చెబుతానన్నాను. ఇంటికి వెళ్ళి బట్లర్ చివరి పేజీలు మళ్ళీ తీశాను. అన్ని మైళ్ళు నడిచి వచ్చినవాళ్ళు ఒక చోట ఆగి, చనిపోయిన తమవాళ్ళ కోసం ఓక్ గింజలు నాటుతున్నారు. చెప్పుల సంగతి అక్కడ లేదు.