హాలు గోడకు చేర్యాల పటం

వరంగల్‌లో కొత్తిల్లు కట్టుకున్నవాళ్లు హాలు గోడకు పెద్ద పటం కావాలని ఫ్రేముల దుకాణానికి వెళ్తే, ముందుగా కనిపించేవి పరుగెత్తే ఏడు గుర్రాలు, జలపాతాలు. 2016లో జిల్లాల విభజన జరిగి సిద్దిపేటలో చేరేదాకా వరంగల్ జిల్లాలోనే ఉన్న చేర్యాల మాత్రం చాలామందికి గుర్తుకు రాదు. గది వాతావరణాన్ని ఒక్కసారిగా మార్చగల సత్తా ఉన్న బొమ్మలు అక్కడే పుడతాయి.

ఆ సత్తా ఎరుపుది. ఈ పటాలు గీసే నకాషీ కళాకారులు ఖాదీ గుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టు జిగురు కలిపి పూతలు పూస్తారు. ఆరాక కుంచెతోనే బొమ్మ గీసి, నేపథ్యమంతా ఎర్రరంగు నింపుతారు. ఆ తర్వాతే ఒంటి రంగులు, బట్టలు, నగలు. అన్నిటికీ చివర సన్నని నల్లగీత. దగ్గరగా నిలబడి చూస్తే చీర అంచు మీద చుక్కలు, ముక్కుపుడక, కోటేరు వేసినట్టున్న ముక్కు ఆ గీతవల్లే తేటపడతాయి.

అసలు ఇవి గోడకోసం పుట్టినవి కావు. గజాల కొద్దీ పొడవుండే పటాన్ని చుట్ట విప్పుకుంటూ, ఒక్కో అంకం చూపిస్తూ రాత్రంతా కథ చెప్పేవారు. నేతవృత్తి పద్మశాలీలకు కూనపులివారు చెప్పే మార్కండేయ పురాణం అలాంటిదే. మగ్గాల ఊరైన వరంగల్‌కు అందులోని పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి కథకన్నా దగ్గరిది ఏముంటుంది!

అందుకే ఒంటరి దేవుడి బొమ్మకంటే, నాలుగైదు అంకాలున్న పటమే హాలుకు మేలు. వచ్చినవాళ్లు దాని ముందు ఆగుతారు, అడుగుతారు, మాట కలుస్తుంది. పడకగదికి ఇంత ఎరుపు ఎక్కువే. అక్కడ చిన్నది చాలు.

గోడ తెలుపో, లేత గంధం రంగో అయితే ఎరుపు నిండుగా పలుకుతుంది. నీలంగోడ మీద రెండూ పోట్లాడుకుంటాయి. పటం చుట్టూ పూల అంచు ఎలాగూ ఉంటుంది కాబట్టి సన్నని నల్లచెక్క ఫ్రేము సరిపోతుంది, బంగారు నగిషీ ఫ్రేము దాన్ని మింగేస్తుంది. సోఫా పొడవులో మూడింట రెండొంతుల వెడల్పుంటే నిండుగా ఉంటుంది. కూర్చున్నవారి చూపుకు అందేంత కిందికి దించాలి, ఎందుకంటే ఈ బొమ్మల బలం వివరాల్లో ఉంది.

ఎండ నేరుగా పడే గోడ వద్దు, రంగు వెలిసిపోతుంది. చెమ్మగోడ అసలే వద్దు. పూతలో గంజి ఉంది కనుక బూజుకూ పురుగుకూ అది విందు. ఫ్రేము వెనక గాలి ఆడేలా కాస్త సందు వదలమని పనివాడికి చెప్పాలి.

చేర్యాల పటానికి భౌగోళిక గుర్తింపు ఉంది, వైకుంఠం నకాష్ వంటి జాతీయ పురస్కార గ్రహీతలూ ఉన్నారు. అయినా ఈ పని చేసే కుటుంబాలు కొద్దిగానే మిగిలాయి. గోడ కొలతలు తీసుకుని నేరుగా వాళ్ల దగ్గరికే వెళ్లండి. మీకు నచ్చిన కథ చెప్పి గీయించుకోండి, బేరం మాత్రం ఆడకండి.