రెండోది ఎక్కడుంది?

అబిడ్స్‌లో పుస్తకాల షాపులకూ, నాంపల్లి స్టేషన్ రోడ్డు లాడ్జీలకూ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. మా కుర్రాళ్లు ఏ క్లాసు రాసినా ముందొక ఇంటర్‌ఫేస్ పెట్టేస్తారు. అడిగితే, "రేపు మారొచ్చు కదా సార్" అంటారు. ఏం మారుతుంది, ఎవరు మారుస్తారు అంటే జవాబుండదు.

డబ్బు వసూలు సంగతి చూడండి. నగదు, కార్డు ముందునుంచీ ఉన్నవే. 2016లో యూపీఐ వచ్చింది. కార్డు, యూపీఐల పద్ధతులు బ్యాంకులవి, మనవి కావు. కాబట్టి ఇక్కడ ఇంటర్‌ఫేస్ ఉండాల్సిందే. బిల్లు క్లాసు తన వసూలుదారుణ్ని తానే తయారుచేసుకోకూడదు, కన్‌స్ట్రక్టర్‌లో మనమే అందించాలి. 2004లో మార్టిన్ ఫౌలర్ వ్యాసంతో ప్రచారంలోకి వచ్చిన డిపెండెన్సీ ఇంజెక్షన్ సారం ఇంతే. టెస్టులో అసలు బ్యాంకు బదులు ఉత్తుత్తి బ్యాంకును ఇస్తే సరిపోతుంది.

అయితే నగదు ఒక్కదాన్నే చూసి గీసిన ఇంటర్‌ఫేస్ "వచ్చింది, రాలేదు" అని రెండే జవాబులు చెబుతుంది. యూపీఐకి "ఇంకా తేలలేదు" అనే మూడోది కావాలి. ఒకే ఉదాహరణ నుంచి పుట్టిన ఇంటర్‌ఫేస్ ఊహే.

పన్ను దగ్గర ఇది మరీ స్పష్టం. పెన్నుల మీద వ్యాట్ ఒక్క అంకెగా ఉండేది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చి కేంద్రం వాటా, రాష్ట్రం వాటా అని విడగొట్టింది. ఒక్క అంకె ఇచ్చే ఇంటర్‌ఫేస్ ముందుచూపుతో రాసినవాళ్లు దాన్నే తిరగరాయాలి. తర్వాత, రోజుకు వెయ్యి రూపాయల లోపు లాడ్జి గదుల మీద 2022 జులైలో కొత్తగా 12 శాతం పడింది. 2025 సెప్టెంబరులో అది 5కు దిగింది. ఈ మార్పులకు రేట్ల పట్టికలో తేదీతో ఒక్కో వరుస చేరిస్తే చాలు, ఇంటర్‌ఫేస్‌తో పనిలేదు.

మన మాడ్యూల్‌కు బయటివాళ్లు అదనపు భాగాలు రాస్తారంటే మాత్రం ఇంటర్‌ఫేస్ ముందే ఇవ్వాలి. అప్పుడది ఒప్పందం. ఇచ్చాక మన ఇష్టానికి మార్చలేం గనక చిన్నదిగా ఉంచాలి. మిగతాచోట్ల మామూలు క్లాసునే కన్‌స్ట్రక్టర్‌లో ఇవ్వండి, ఇంజెక్షన్‌కు ఇంటర్‌ఫేస్ ఉండి తీరాలన్న నియమం లేదు.

అందుకే కుర్రాళ్లకు ఒక్కటే షరతు పెట్టాను: ఇంటర్‌ఫేస్ రాస్తే దాని వెనక నిలబడే రెండో క్లాసును చూపించాలి. ఉత్తుత్తి బ్యాంకునైనా ఒప్పుకుంటాను. "రేపు" అంటే ఒప్పుకోను.