మూడు కాళ్ల దున్న, రాగి సెంటు

టంకశాలలో జరిగిన పొరపాటుకు వేలంలో లక్షలు పలుకుతాయి. బయటికొచ్చాక దెబ్బ తిన్న నాణేనికి ముఖవిలువ దక్కితే గొప్ప. ఈ రెంటికీ తేడా తెలియనివాడి మీదే మోసగాడి వ్యాపారం నడుస్తుంది. ఆ తేడా తేల్చుకోవడానికి అమెరికాలో పేరుమోసిన రెండు తప్పుల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి 1937లో డెన్వర్ టంకశాల నుంచి వచ్చిన మూడు కాళ్ల దున్న, అయిదు సెంట్ల నాణెం. రెండోది 1943 నాటి రాగి సెంటు. మొదటిది అచ్చులో వచ్చిన తప్పు, రెండోది లోహంలో వచ్చిన తప్పు. రెంటిలోనూ దొంగ నాణేలకు కొదవ లేదు.

దున్న సంగతి ముందు. బొమ్మ అచ్చు, బొరుసు అచ్చు మధ్య లోహపు బిళ్ల లేకుండానే యంత్రం నడిస్తే రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, ఒకదాని గుర్తులు రెండోదాని మీద పడతాయి. ఆ గుర్తులు పోవాలని డెన్వర్‌లో అచ్చును అరగదీశారు. చెయ్యి కాస్త ఎక్కువ పడింది, దున్న ముందు కుడికాలు మాయమైంది. గిట్ట మాత్రం నేల మీద మిగిలిపోయింది. నాణెం మీద ఉబ్బెత్తుగా కనిపించే కాలు అచ్చులో గుంటగా ఉంటుంది. చుట్టూ ఉన్న తలాన్ని అరగదీస్తే ఆ గుంట లోతు తగ్గి, చివరకు తలంలో కలిసిపోతుంది. అందుకే అసలు నాణెంలో కాలు ఉండవలసిన చోట గుంట గానీ గీతలు గానీ ఉండవు.

మామూలు నాణెం తీసుకుని కాలు చెక్కేసేవాడి పని దీనికి తలకిందులు. వాడు నాణెం మీది లోహాన్నే తీస్తాడు కాబట్టి ఆ చోటు పల్లంగా దిగుతుంది, పనిముట్టు గీతలు పడతాయి. మెరుగు పెట్టి గీతల్ని దాచినా పల్లం దాగదు. అసలు నాణెంలో మరో రెండు ఆనవాళ్లున్నాయి. దున్న పొట్ట కింది నుంచి నేల దాకా వరసగా చిన్న చిన్న బొడిపెలు ఉంటాయి. వెనక కాలు కూడా చెదలు కొట్టినట్టు సన్నగిల్లి ఉంటుంది. అచ్చు మీద పడ్డ గాటు నాణెం మీద బొడిపెగా లేస్తుంది. నాణెం మీద పడ్డ గాటు గాడిగానే మిగులుతుంది. లోహం తీసెయ్యడం ఎవరికైనా చేతనవుతుంది, లేనిచోట లేపడమే కష్టం. ముందుకాలు చెక్కినవాడు ఆ బొడిపెల జోలికి పోకపోవడానికి కారణం అదే.

రాగి సెంటు కథ వేరు. యుద్ధానికి రాగి కావలసి రావడంతో 1943లో అమెరికా సెంట్లను జింకు పూత పూసిన ఉక్కుతో కొట్టింది. అంతకు ముందు ఏడాది మిగిలిపోయిన రాగి బిళ్లలు కొన్ని ఆ అచ్చుల కింద పడ్డాయి. 1947లో మాసచుసెట్స్‌లో ఒక బడిపిల్లవాడికి చిల్లరలో దొరికిన అలాంటి సెంటు 2019 వేలంలో 2,04,000 డాలర్లు పలికింది. ధర వినగానే ఉక్కు సెంట్లకు రాగి పూత పూసినవాళ్లు పుట్టుకొచ్చారు. వాళ్ల పని అయస్కాంతం పట్టిస్తుంది, ఉక్కు అతుక్కుంటుంది. తూకమూ పట్టిస్తుంది: రాగి సెంటు 3.11 గ్రాములు, ఉక్కుది సుమారు 2.7.

అంతకంటే తెలివైనవాడు 1948 నాటి రాగి సెంటు తీసుకుని 8 ఎడమవైపు గీకి 3 చేస్తాడు. లోహం నిజమే, తూకం నిజమే, అయస్కాంతం నోరు మూసుకుంటుంది. అప్పుడు 3 అంకె తోక చూడాలి. 1943 అచ్చులో అది పక్క అంకెల కన్నా కిందికి దిగి ఉంటుంది, 8ని గీకితే ఆ తోక రాదు. ఇంకొకటి: ఉక్కు గట్టిది గనుక ఆ ఏడాది యంత్రాల ఒత్తిడి పెంచారు. అదే ఒత్తిడి మెత్తటి రాగి మీద పడటంతో అసలు సెంటులో బొమ్మ చాలా స్పష్టంగా దిగింది.

రెంటినీ కలిపి చూస్తే తేలేది ఒకటే. అసలైన తప్పు ఎప్పుడూ ఒంటరిగా రాదు. దాన్ని పుట్టించిన కారణం నాణెం మీద ఇంకోచోట కూడా సాక్ష్యం వదులుతుంది. దొంగచెయ్యి మాత్రం కొనేవాడు చూసే చోటనే పనిచేస్తుంది. దున్న విషయంలో రెండో సాక్షి బొడిపెలు, సెంటు విషయంలో అంకె తోక, స్పష్టత.

బలాబలాలు మాత్రం సమానం కావు. మూడు కాళ్ల దున్నలన్నీ ఒకే అచ్చు పిల్లలు కాబట్టి, ఒక నిర్ధారిత నాణెం ఫొటో దగ్గరుంటే భూతద్దంతో ఎవరైనా పోల్చుకోవచ్చు. తూకం అక్కడ ఎందుకూ పనికిరాదు. రాగి సెంట్లు వేర్వేరు టంకశాలల్లో పుట్టాయి, వాటికి ఒకే నమూనా లేదు. సాధనాలు మొరటు దొంగను పడతాయి గానీ నేర్పరిని పట్టడానికి నిపుణుడి కన్ను కావాలి. కాబట్టి నేర్చుకునేవాడికి పాఠంగా చౌకైన దున్నే మేలు.

ఈ సూత్రం మన చిల్లరకూ పనికొస్తుంది. అంచున చంద్రవంకలా తెగిన రూపాయి దొరికిందనుకోండి. లోహపు రేకులోంచి బిళ్ల కత్తిరించేటప్పుడు పాత రంధ్రం మీదికి జరిగి తెగినదైతే, తెగిన చోటుకు సరిగ్గా ఎదురువైపు గట్టు పలచబడి ఉంటుంది. గట్టు లేపే యంత్రంలో ఆ వైపు ఒత్తిడి అందకపోవడమే కారణం. దీన్నే బ్లేక్స్‌లీ ప్రభావం అంటారు. కత్తెరతో కోసినదైతే ఎదురుగట్టు నిండుగానే ఉంటుంది. పది రూపాయల నాణెంలో నడిమి బిళ్ల, చుట్టు వలయం ఒకే దెబ్బతో అతుక్కుని, ఒకే దెబ్బతో ముద్ర పొందుతాయి. నడిమి బొమ్మ వలయంలోని అక్షరాలతో పొసగకుండా తిరిగి ఉంటే, ఎవరో ఊడదీసి మళ్లీ బిగించారన్నమాట.

అరుదు వేరు, కొత్త వేరు. పది రూపాయల నాణేలు 14 రకాల నమూనాల్లో వచ్చాయనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది. ఏడాది అంకె కింద నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాల గుర్తు, తప్పు కాదు. తన పేరు చెప్పి పాత నోట్లు, నాణేలు కొంటామనే ప్రకటనలను నమ్మవద్దని అదే బ్యాంకు 2021లో హెచ్చరించింది.

నాణెం వింతగా కనిపిస్తే ధర అడగకముందు రెండో సాక్షిని వెతకండి. అది దొరక్కపోతే కొనకండి, అమ్మనూ వద్దు.