ఎవరి టోపీ ఎవరి నెత్తిన?
ఆంత్రాక్స్ బృందం 'అమాంగ్ ద లివింగ్' ఆల్బం విన్నాక

మా ఆశ్రమ పాఠశాలలో చదివి, ఇప్పుడు డిగ్రీలో ఉన్న పిల్లవాడొకడు సంక్రాంతి సెలవులకు వచ్చి ఫోన్లో ఒక పాట పెట్టాడు. "సార్, దీని పేరు ఇండియన్స్. మన గురించే" అన్నాడు. మొదటిసారి మాకు వినబడింది చెవులు పగిలే మోత ఒక్కటే. తర్వాత తెలిసింది, పాట మన దేశం గురించి కాదని. కొలంబస్ పొరపాటున పెట్టిన పేరును ఇంకా మోస్తున్న అమెరికా ఆదివాసుల గురించి. అయినా "మన గురించే" అన్న వాడి మాట పూర్తిగా తప్పు అనలేం. అందుకే ఆ ఒక్క పాటతో ఆగకుండా ఆల్బం మొత్తం మళ్లీ మళ్లీ విన్నాం.

ఆంత్రాక్స్ న్యూయార్క్ నగరానికి చెందిన బృందం. 1987లో వచ్చిన ఈ ఆల్బం వాళ్లకు మూడోది. 9 పాటలు, సుమారు 50 నిమిషాలు. వీళ్ల బాణీని థ్రాష్ మెటల్ అంటారు. ఎలక్ట్రిక్ గిటారు తీగలను అరచేతి అంచుతో అదిమిపట్టి మహా వేగంగా మీటుతారు. తీగ సాగి మోగదు, గొడ్డలితో కట్టె కొట్టినట్టు తెగి తెగి పడుతుంది. వెనక డ్రమ్ములవాడు రెండు కాళ్లతో పెద్ద డ్రమ్మును పరుగెత్తిస్తాడు. 1980లలో అమెరికాలో పెరిగిన ఈ బాణీకి మెటాలికా, మెగాడెత్, స్లేయర్‌లతో పాటు ఆంత్రాక్స్‌ను కూడా పెద్దల్లో లెక్కిస్తారు.

ఆల్బం బలం చాలావరకు స్కాట్ ఇయాన్ కుడిచేతిలో ఉంది. ఎంత వేగంలోనూ దెబ్బ తప్పదు. ఇలాంటి సంగీతంలో చాలామంది బొంగురుగా అరుస్తారు. గాయకుడు జోయీ బెల్లడోనా మాత్రం గొంతెత్తి, రాగం విడవకుండా పాడతాడు. మోతలో మాట మునిగిపోదు. రికార్డింగ్ చూసిన ఎడ్డీ క్రామర్ అంతకుముందు జిమీ హెండ్రిక్స్ లాంటి వారితో పనిచేసిన మనిషి. ఆయన ప్రతిధ్వని ఎక్కువ పెడదామన్నాడు, బృందం వద్దంది. వేదిక మీద ఎలా మోగుతామో అలాగే వినబడాలని పట్టుబట్టి నెగ్గింది. ఆ పొడి మోత వల్లే ఇన్నేళ్ల తర్వాత కూడా పాటలు మన ఎదురుగా వాయిస్తున్నట్టు ఉంటాయి.

దీని వెనక ఒక చావు కూడా ఉంది. 1986 సెప్టెంబరులో స్వీడన్‌లో మెటాలికా వాళ్ల బస్సు బోల్తాపడి క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. ఆ యాత్రలో ఆంత్రాక్స్ కూడా వాళ్లతో తిరుగుతోంది. ఈ ఆల్బం ఆయనకే అంకితం.

బలహీనతలు లేకపోలేదు. రెండు పాటలు స్టీఫెన్ కింగ్ కథల నుంచి, ఒకటి జడ్జ్ డ్రెడ్ అనే బొమ్మల కథ నుంచి వచ్చాయి. అవి చదవని మనలాంటి వాళ్లకు మోత తప్ప ఏమీ అందదు. చాలా పాటలు అయిదు నిమిషాలు దాటాయి. అణుయుద్ధం వద్దంటూ పాడిన 'వన్ వరల్డ్' గోడమీద నినాదంలా ఉంటుంది, అంతకుమించి లోతుకు పోదు.

ఇక 'ఇండియన్స్'. మొదట డోలు లాంటి బరువైన మోత, దాని మీద గిటారు, ఆ తర్వాత ఒక్కసారిగా వేగం. మధ్యలో అంతా ఆపి 'వార్ డాన్స్' అని కేక వేస్తారు. ఆ వెంటనే వచ్చే దెబ్బకు కూర్చున్నవాడు కూడా లేస్తాడు. మేమూ లేచాం, అబద్ధమెందుకు. వాళ్ల నేల దొంగిలించారని, సొంత దేశంలో వాళ్లను రెండో తరగతి మనుషుల్ని చేశారని, మిగతావాళ్లు పట్టించుకోకపోవడమే జబ్బని పాట సూటిగా చెబుతుంది. పాటల మాటలు ఎక్కువగా రాసేది ఆదివాసి కాని స్కాట్ ఇయాన్. 1987లో అమెరికా కుర్రకారు గెంతే పాటలో ఇంత మాట పెట్టడం చిన్న పని కాదు.

కానీ పాట అడిగేది ఏమిటి? వాళ్ల కోసం ఏడవమని. పాటలో వాళ్లు పోరాడలేని వాళ్లు, ఆశలేని వాళ్లు. నిజానికి 1969 నవంబరులో ఆదివాసులు అల్కాట్రాజ్ దీవిని పట్టుకుని పంతొమ్మిది నెలలు కదల్లేదు. 1973లో వూండెడ్ నీ ఊళ్లో 71 రోజులు నిలబడ్డారు. ఇవేవీ పాటలో లేవు. ఒక్క తెగ పేరు కూడా లేదు. వీళ్ల న్యూయార్క్ నగరంలోనే ఆకాశాన్నంటే మేడల ఇనుప దూలాలు బిగించినవారిలో మొహాక్ తెగ కార్మికులు ఎందరో ఉన్నారు. తలెత్తితే కనబడే మనుషులను చూడకుండా, ఎక్కడో ఉన్న 'ఇండియన్' కోసం ఏడిస్తే ఏం లాభం?

అన్నిటికంటే మాకు గుచ్చుకున్నది టోపీ. బెల్లడోనా తల్లి వైపు వారు ఇరోక్వాయ్ మూలాలవారు. ఆరు తెగలు కలిసిన ఆ సమాఖ్యను వారు తమ మాటలో హోడెనోషోనీ అంటారు. ఆయన ఈ పాటకు వేదిక మీద పెట్టుకునేది మాత్రం వీపు వరకు వేలాడే పెద్ద ఈకల కిరీటం. అది లకోటా, షయాన్ లాంటి మైదాన తెగలది. వాళ్లలోనూ అందరూ పెట్టుకోరు, సంపాదించుకున్నవాళ్లే పెట్టుకుంటారు. ఇరోక్వాయ్ వారిది గుస్తోవే అనే బిగుతు టోపీ. నిలబెట్టిన గద్ద ఈకలను చూసి మనిషి తెగ చెప్పవచ్చు. మొహాక్‌కు మూడు, సెనెకాకు ఒకటి. సొంత రక్తం ఉన్నవాడే హాలీవుడ్ టోపీ పెట్టుకున్నాడు. ప్రేక్షకులు గుర్తుపట్టేది అదొక్కటే కదా!

ఈ మాట రాస్తుంటే మా చేయి వణికింది. ఒక ఏడాది పోటీలకు 'గిరిజన నృత్యం' పంపమంటే, మేమే కోయ పిల్లల నెత్తిన గోండుల గుస్సాడీ నెమలీకల టోపీలు పెట్టాం. దీపావళి రోజుల్లో దండారీకి, దాని నియమాలతో కట్టుకోవలసిన టోపీ అది. మాకు కొమ్ములున్నాయి, డోలు ఉంది, రేల ఉంది. కానీ న్యాయనిర్ణేతలకు నెమలీకలైతే బాగా కనబడతాయనుకున్నాం. బహుమతి కూడా వచ్చింది. ఆ ఫోటో ఇప్పటికీ మా స్టాఫ్ రూం గోడమీద ఉంది. సినిమాల్లో ఆకులు కట్టి మనల్ని గెంతించారని కోప్పడే మేము చేసిన పని అది.

కాబట్టి బెల్లడోనాను తిట్టి ఊరుకోలేం. పాటను వదలనూ లేం. ఇదే బాణీలో ఇంకోలా చేసినవాళ్లూ ఉన్నారు. టెస్టమెంట్ బృందం గాయకుడు చక్ బిల్లీ పోమో తెగవాడు. 1994లో 'లో' ఆల్బంలో 'ట్రెయిల్ ఆఫ్ టియర్స్' పాడాడు. 1830లలో చెరోకీలను నేల విడిపించి తరిమిన దారి పేరది. బ్రెజిల్ బృందం సెపుల్తూరా థ్రాష్‌తోనే పైకొచ్చింది. 1996లో 'రూట్స్' ఆల్బం కోసం షవాంతే తెగ ఊరికి వెళ్లి, వాళ్ల పక్కన కూర్చుని వాళ్ల గొంతులతోనే 'ఇత్సారి' రికార్డు చేసింది. ఆ రెండూ వెతికి పిల్లవాడికి పంపాం. ఇంకా విన్నట్టు లేదు. ఉగాదికి వస్తే అడగాలి.