చూడనివ్వండి, తొందరేముంది

రెండున్నరేళ్ల పిల్లాడికి పిల్లిమొగ్గలు నేర్పేవాళ్లు కావాలని నరసరావుపేటలో వాకబు చేస్తే, అందరూ ముందు నా మొహంలోకి చూశారు. కరాటేకి ఐదేళ్లు నిండాలన్నారు. డాన్సు క్లాసులో రమ్మన్నారు గానీ, స్పీకరు మోగగానే మావాడు చెవులు మూసుకుని గోడకు కరుచుకుపోయాడు. ఇంట్లో అయితే సోఫా మీంచి దూకడం, తల పరుపుకి ఆనించి కాళ్లు పైకెత్తడం, ఎదురొచ్చినవాళ్లని ఢీకొట్టి నవ్వడం. చొక్కా మెడ దగ్గర లేబులు తగిలితే ఏడుస్తాడు, గట్టిగా వాటేసుకుంటే ఊరుకుంటాడు.

గుంటూరులో చూపించిన ఆక్యుపేషనల్ థెరపిస్టు విడమరిచి చెప్పారు. ఒళ్లు ఎటు వాలిందో, ఎటు తిరిగిందో లోచెవి చెబుతుంది. కాలూ చెయ్యీ ఎక్కడున్నాయో కండరాలు, కీళ్లు చెబుతాయి. కొందరు పిల్లలకు ఆ కబురు చాలదు, దూకీ గుద్దుకునీ తెచ్చుకుంటారు. అమెరికాలో జీన్ ఐరెస్ అనే థెరపిస్టు 1972లో పుస్తకం రాశాక ఈ ఆలోచన దేశదేశాలకూ పాకింది. అయితే పిల్లల్లోని ఈ తీరుని విడి జబ్బుగా నిర్ధారించవద్దనీ, ఈ తరహా చికిత్సల మీద పరిశోధన ఇంకా పరిమితమేననీ అమెరికా పిల్లల వైద్యుల సంఘమే 2012లో చెప్పింది. వేలకు వేలు కట్టే ముందు తల్లిదండ్రులకు ఈ మాట కూడా తెలియాలి.

నిజానికి మన ఇళ్లలో పసిబిడ్డని కాళ్ల మీద పడుకోబెట్టి, నూనె మర్దించి, నలుగు పెట్టి, చీర ఉయ్యాలలో ఊపుతాం. ఒంటికి కావలసిన ఒత్తిడీ ఊపూ అందులోనే ఉన్నాయి. నడక రాగానే ఆపేస్తాం. మా అత్తయ్య ఆపలేదు, ఇప్పటికీ ఆదివారం మావాడికి ఆవిడ చేతి నూనె పడాల్సిందే.

చివరికి చోటు దొరికింది ఒక బడిలోని కబడ్డీ మ్యాట్ మీద. పెద్దపిల్లలు రాకముందే, పొద్దున్నే రమ్మన్నారు పీఈటీ సారు. మొదట మావాడు మ్యాట్ ముక్కలు కలిసే అతుకు దగ్గరే ఆగిపోయాడు. మడమలు పైకి లేపి, వేళ్ల కొసలతో ఆ గీతని తడిమాడు. వంగి రబ్బరు వాసన చూశాడు. నేను చెయ్యి పట్టి లాగబోతే సారు వారించారు. “చూస్తున్నాడుగా అమ్మా, చూడనివ్వండి, తొందరేముంది.” మెడలో విజిల్ తీసి జేబులో వేసుకున్నారు. నేను ఆయన్ని నమ్మింది అక్కడే. నురగ పరుపులూ అద్దాల గదులూ లేకపోయినా ఇలాంటి మనిషి ఉంటే చాలు, ఆ క్లాసులో బిడ్డని చేర్చవచ్చు.

తర్వాత చుట్టిన మ్యాట్‌ని నెట్టించారు. బలమంతా పెట్టి నెట్టాక వాడి ఒళ్లు స్తిమితపడింది. అప్పుడు ఎలుగుబంటి నడక, పక్కకు దొర్లడం. మొగ్గ చాలా రోజుల తర్వాతే. అదీ మ్యాట్‌ని ఏటవాలుగా మడిచి, గడ్డం రొమ్ముకి ఆనించి, మెడ వెనక సారు అరచెయ్యి ఉంచి. మాడు మీద బరువు పడకూడదు, భుజాల వెనక భాగం ముందు ఆనాలి. పట్టుకుంటే గట్టిగా పట్టుకోవాలి, వేళ్లు పైపైన తగిలితే మావాడు విదిలించుకుంటాడు. మొహం పాలిపోయినా, చెమటలు పట్టినా ఆ పూటకి ఆపేయాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు మెడ కీలు వదులుగా ఉండవచ్చు, డాక్టరు సరేనన్నాకే మొగ్గలు.

థెరపిస్టు దగ్గరికి వెళ్లాలంటే మాకు గుంటూరు 45 కిలోమీటర్లు. మాచర్ల తల్లికి నూరు పైమాటే. 2022 ఏప్రిల్‌లో మా జిల్లా ఏర్పడి నరసరావుపేట కేంద్రమైంది, ఆ దూరాలు మాత్రం తగ్గలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. బృందం వచ్చినప్పుడు బిడ్డ అల్లరి అని దాచకండి, ఏ శబ్దానికి బెదురుతాడో, ఏం తగిలితే ఏడుస్తాడో చెప్పండి. అవసరమైతే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపిస్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు అక్కడ ఉన్నారేమో అడగండి.

గురజాల, మాచర్ల, రెంటచింతల పీఈటీ సార్లకు ఒక విన్నపం. వేసవిలో మన ఎండల సంగతి మీకు తెలియంది కాదు, పిల్లలు ఆడగలిగేది పొద్దున ఆ ఒక్క గంటే. మీ స్టోరు గదిలో చుట్టిపెట్టిన మ్యాట్ ఉంటే వారంలో రెండు పూటలు పరవండి. ఒక్కో బిడ్డతో ఇంటి మనిషి ఒకరు వస్తారు, పరవడానికీ తుడిచి చుట్టడానికీ వాళ్లే సాయం పడతారు. మేం వెళ్లే బడిలో అలాగే చేస్తున్నాం.