జ్ఞాపకంలోని ఇల్లు ఎవరిది?

పాత పేటలవారి జ్ఞాపకాలు చదివినప్పుడల్లా నాకొక సందేహం కలుగుతుంది. ఇల్లు పోగొట్టుకొన్నవాని దుఃఖం నిజమైనదే. కాని ఆ దుఃఖంలో కనిపించినంత అందంగా ఆ ఇల్లు ఎన్నడైనా ఉండెనా? ఈ ప్రశ్న వేయకుండా మెచ్చుకోవడం విమర్శ అనిపించుకోదు. అట్లని, గతాన్ని తలచుకొని కన్నీరు పెట్టడమేనని వాటిని తోసివేయడమూ అభ్యుదయ దృక్పథం కాదు.

నీరా అడార్కర్, మీనా మీనన్ 2004లో ఇంగ్లీషులో ప్రకటించిన 'నూరేండ్లు, నూరు గొంతులు' అనే గ్రంథం మనకు ఈ పరీక్ష పెడుతుంది. బొంబాయి నడిబొడ్డున లాల్‌బాగ్, పరేల్ ప్రాంతాల మిల్లుల పేట గిరణ్‌గావ్. అక్కడి కార్మికులు తమ నోట చెప్పిన చరిత్ర ఇది. తెలంగాణలో మరను 'గిర్ని' అంటారు. ఆ మాట మనకు పరాయిది కాదు. పేటా పరాయిది కాదు. మగ్గం కూడు పెట్టనప్పుడు పద్మశాలీలెందరో వెళ్ళి చేరినది ఆ మిల్లులలోనే.

మొదటిసారి చదివినప్పుడు నేను సమ్మెల పేజీలే గుర్తుంచుకొన్నాను. అది నా పొరపాటు. గిరణ్‌గావ్‌లో ఇల్లంటే చాల్‌లో ఒక గది; ఒకే ఊరివారు అందులో షిఫ్టుల ప్రకారం వంతులు వేసుకొని నిద్రపోయేవారు. ఒంటరిగా వచ్చిన మగవారికి పూటకూళ్ళ ఇండ్లలో వండిపెట్టినది స్త్రీలు. ఆ కూడు లేనిదే మిల్లూ నడవదు, సమ్మే నడవదు. అయినా చరిత్రలో వారికి దక్కిన చోటెంత?

ఇంకొక చేదు నిజమున్నది. నేత ఖాతాలో దళితులకు పని ఇచ్చేవారు కారు. కండె మార్చినప్పుడు దారపు కొసను నోటితో పీల్చి నాడె నుండి లాగవలసి వచ్చేది. తోటివారికి ఆ ఎంగిలి పనికిరాలేదు. జీతం ఎక్కువ వచ్చే పని అదే. 1928 సమ్మెనాడు అంబేద్కర్ ఈ ప్రశ్న లేవనెత్తినాడు. 'మేమంతా ఒక్కటిగా ఉండేవాళ్ళం' అనే జ్ఞాపకాన్ని ఈ వాస్తవంతో ఒరిపిడి పెట్టి చూడవలసిందే.

అట్లయితే ఆ జ్ఞాపకాలకు విలువ లేదా? ఉన్నది. 1982 జనవరి 18న సుమారు రెండున్నర లక్షల మంది సమ్మె కట్టినారు, ఓడిపోయినారు. 1991 నిబంధనల ప్రకారం మిల్లు భూమిని తిరిగి కట్టదలిస్తే మూడింట ఒక వంతు బహిరంగ స్థలాలకు, మరొక వంతు ప్రజల గృహాలకు పోవలసి ఉండెను. 2001లో ఆ లెక్కను ఖాళీ స్థలానికే కుదించినారు. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. నూలు వడికిన చోట అంగళ్ళ మేడలు లేచినవి. దస్తావేజు యజమాని పేర ఉన్నది. కార్మికుని చేతిలో మిగిలినది సాక్ష్యమొక్కటే. ఆ సాక్ష్యాన్ని కేవలం బెంగగా చదివితే, హక్కును మనమే వదులుకొన్నట్లు.

వరంగల్లులో 1934లో స్థాపించిన ఆజంజాహి మిల్లు కూడా మూతబడినదే. అటువంటి పేటలకు వెళ్ళే విద్యార్థులు సమ్మె నాయకుణ్ణి అడిగి ఊరకుండరాదు. వండిపెట్టినదెవరు, గడప బయట నిలిచినదెవరు అని కూడా అడగవలెను. ఆ జవాబులు మనకు రుచించకపోవచ్చు. అయినా వ్రాసుకొనక తప్పదు.