అడిగినవాళ్ళకేనా పుస్తకం?

ప్రతి పాఠకుడికీ పుస్తకం అందాలని 1931లోనే రంగనాథన్ సూత్రం రాశాడు. అడిగిన పాఠకుడికే అనలేదు. 2020లో కరోనాతో క్లాసులు ఫోన్లలోకొచ్చాక మన కాలేజీ గ్రంథాలయాలు చాలావరకు ఏం చేశాయి? పాస్‌వర్డిచ్చి, 'కావాలంటే అడగండి' అని కూచున్నాయి. ఇదే సమానత్వమంటే మేమొప్పుకోం. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన వాడపిల్లకి ఏమడగాలో, ఎవర్నడగాలో ఎవరు చెప్పారు? అడిగితే గద్దింపులే విన్న తరాలు మనవి. ధైర్యంగా అడగడం కూడా అగ్రకులాలకి వారసత్వంగా వచ్చే ఆస్తే. కాబట్టి లైబ్రేరియనే ముందు కదలాలి. వ్యాసం రాయమన్న రోజునే కోర్సులోకొచ్చి, ఏ పుస్తకం ఎక్కడుందో, ఫోన్‌లో ఎలా తెరవాలో తెలుగులో చెప్పాలి. మాట్లాడని విద్యార్థిని తనే పలకరించాలి. ఇది దయ కాదు, ఆ ఉద్యోగం చెయ్యాల్సిన పని.